ఆయన అన్నారు... ఇతను అన్నాడు!

ఆదివారం పొద్దున ఉప్పల్‌లో ఏ సెలూన్‌కి వెళ్లినా పేపరు ఒక్కచోట దొరకదు. సినిమా పేజీ ఒకరి చేతిలో, క్రికెట్ మరొకరి చేతిలో ఉంటాయి. ఎవరికీ అక్కర్లేని సంపాదకీయం పేజీ బెంచీ మీద పడి ఉంటుంది. నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్లు లేత్ మిషన్ నడిపి రిటైరైన ఓ పెద్దాయన మాత్రం దాన్నే ఏరుకుంటారు.

ఓసారి ఆయనకో అనుమానం వచ్చింది. కుంభకోణంలో ఇరుక్కున్న నాయకుడేమో 'అరెస్టయ్యారు'. సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాడేమో 'దొరికాడు'. మంత్రి 'అన్నారు', ఆటోడ్రైవరు 'అన్నాడు'. "ఇద్దరూ అన్నది నోటితోనే గదా!" అన్నారాయన. కత్తి కింద గడ్డం పెట్టి కూర్చున్నవాళ్లు నవ్వలేక నానా అవస్థ పడ్డారు.

ఇంగ్లిష్ పత్రికలకు ఈ తిప్పలు లేవు. మంత్రికైనా మేస్త్రికైనా 'హీ' ఒక్కటే. తెలుగులో మర్యాద క్రియకు తోకలా ఉంటుంది. 'డు'వా, 'రు'వా తేల్చుకోనిదే వాక్యం పూర్తికాదు. ముఖ్యమంత్రి ఘోరంగా 'విఫలమయ్యారు' అంటే విమర్శ. 'విఫలమయ్యాడు' అంటే తిట్టు! అందుకే వ్యాసాలు రాసేవాళ్లు 'ఏలినవారు', 'అమాత్యులవారు' అంటూ మెత్తని చెప్పుతో కొడుతుంటారు.

ఆ మెత్తదనం చాల్లేదని పెద్దలకు అనిపిస్తే ఏమవుతుంది? 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన రభస గురించి రాస్తూ 'ఈనాడు' శీర్షికలో 'గలభా' అన్న మాట వాడింది. సంపాదకీయం కూడా కాదది, వార్త. పెద్దల సభకు కోపం వచ్చింది. అది సభాహక్కుల ఉల్లంఘనేనంది. సంపాదకుడు రామోజీరావును సభకు రప్పించి మందలించాలని 1984లో నిర్ణయించింది. ఆయన సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్... అదే, మన నాచారంలో స్టూడియో కట్టిన రామారావే... అటు మండలికీ ఇటు కోర్టుకీ మధ్య ఇరుక్కుపోయారు. చివరికి 1985లో మండలే రద్దయింది. దానికి వేరే రాజకీయ కారణాలున్నాయనుకోండి. మళ్లీ 2007లో గానీ అది తిరిగిరాలేదు.

గలభా ఏమంత బూతు మాట? పెళ్లిలో పెరుగన్నం దగ్గరా గలభా అవుతుంది, సిటీబస్సులో సీటు దగ్గరా అవుతుంది. ఆ మాటకొస్తే ఉప్పల్ ఇళ్లల్లో 'నాయిన వచ్చిండు' అంటే నాయిన మీద గౌరవం తగ్గినట్టు కాదు. తల్లిని 'నువ్వు తిన్నవా' అంటే తల్లేమీ చిన్నబుచ్చుకోదు. ఇంట్లో అది చనువు. పత్రికలో అలా కాదు. పక్కనే ఇంకొకరికి 'రు' వేసి ఇతనికి 'డు' వేస్తారు గనక అది అంతస్తు అవుతుంది. సభ్యులకు కోపమొస్తే హక్కుల సంఘం ఉంది. లేత్ మిషన్ నడిపే మనిషికి ఏ సంఘముంది?

పెద్దాయనతో పాటు పనిచేసిన ఒకాయన ఆమధ్య లారీ గుద్ది పోయారు. జిల్లా పేజీలో మూడు లైన్లు వచ్చింది. 'అక్కడికక్కడే మృతి చెందాడు' అని రాశారు. అదే పేజీలో పైన ఓ మాజీ ప్రజాప్రతినిధి 'కన్నుమూశారు'. సెలూన్‌లో పెద్దాయన ఆ మూడు లైన్లూ రెండుసార్లు చదివారు. జేబులోంచి బాల్‌పెన్ను తీసి 'డు' కొట్టేసి పైన 'రు' అని రాశారు. పేజీ మడిచి బెంచీ మీద పెట్టి, తన వంతు రాగానే కుర్చీలో కూర్చున్నారు.