ఇరవై ఒక్కేళ్ళకే ముసలాడు

ముందే చెప్పేస్తున్నా, ఇది బేస్‌బాల్ గురించి. స్క్రోల్ చేసి వెళ్ళిపోకండి, కాస్త ఆగండి. ఫస్టియర్లో చేరేదాకా నాక్కూడా ఆ ఆట గురించి తెలిసింది గుండుసున్నా.

2022 నవంబర్ 6, ఆదివారం. హాస్టల్‌కి కొత్త. తెల్లారగట్ల ఐదున్నరకి ఫోన్ మోగింది. హ్యూస్టన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు. వాళ్ళకి ఇంకా శనివారం సాయంత్రమే. "లేరా, మా ఊరి టీమ్ కప్పు కొట్టబోతోంది, చూద్దువుగాని" అని ఫోన్ని టీవీ వైపు తిప్పి పెట్టేశాడు. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. హ్యూస్టన్ ఆస్ట్రోస్, ఫిలడెల్ఫియా ఫిలీస్. నాకు కనిపించింది ఒక్కడే. ఎడమచేత్తో బంతి విసురుతున్న, దిట్టంగా ఉన్న ఒక మనిషి. బ్యాట్ పట్టుకున్నవాళ్ళు వస్తున్నారు, గాల్లో ఊపుతున్నారు, తిట్టుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఆరు ఇన్నింగ్స్‌లో తొమ్మిది మందిని అలా స్ట్రైకవుట్ చేశాడు, ఒక్క పరుగు ఇచ్చాడు. ఆస్ట్రోస్ 4-1తో గెలిచి కప్పు ఎత్తుకున్నారు.

పేరు ఫ్రాంబర్ వాల్డెజ్. డొమినికన్ రిపబ్లిక్ వాడు. "వాడితో సంతకం పెట్టించుకునేసరికి వాడికి ఇరవై ఒక్కేళ్ళురా, అదీ పదివేల డాలర్లకి" అన్నాడు అన్నయ్య. ఇరవై ఒకటంటే కుర్రాడేగా, ఇందులో వింతేముంది అన్నాను. "అక్కడ ఇరవై ఒకటంటే ముసలాడు" అన్నాడు.

ఆ మాట మూడేళ్ళుగా నాతోనే ఉంది. ఇప్పుడు ఫైనలియర్లోకి వచ్చాక, నాకూ ఇరవై ఒకటి నిండాక, ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

ముందు అక్కడి లెక్క చెప్పాలి. డొమినికన్ రిపబ్లిక్ కరీబియన్‌లో ఒక దీవిలో సగానికి పైగా ఉన్న చిన్న దేశం. జనాభా కోటి పైచిలుకు, అంటే మన హైదరాబాద్ అంత. అంత చిన్న దేశం నుంచి ఏటా మేజర్ లీగ్ మొదటిరోజు జాబితాల్లో వంద మందికి అటూ ఇటూగా ఉంటారు. అమెరికాలో పుట్టిన కుర్రాళ్ళని డ్రాఫ్ట్ అనే పద్ధతిలో, స్కూలో కాలేజీయో అయ్యాక తీసుకుంటారు. డొమినికన్ పిల్లలకి డ్రాఫ్ట్ లేదు. పదహారేళ్ళకే సంతకం చేయించుకోవచ్చు. దాంతో మొత్తం 30 జట్లూ ఆ దేశంలో అకాడమీలు పెట్టుకుని కూర్చున్నాయి. పిల్లల్ని పన్నెండు, పదమూడేళ్ళకే పట్టుకుని, తిండీ బసా ఇచ్చి తయారుచేసే ప్రైవేటు ట్రైనర్లని అక్కడ 'బుస్కోన్' అంటారు. వెతికేవాడు అని అర్థం. సంతకం జరిగాక బోనస్‌లో వాటా ఆయనది. పద్నాలుగేళ్ళ పిల్లాడితో నోటిమాట ఒప్పందాలు కూడా మామూలైపోయాయి. ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ చదివినవాళ్ళకి ఇది మరీ పరాయి లోకంలా అనిపించదనుకుంటా.

పదహారుకి సంతకం అయితే ప్రాస్పెక్టు, అంటే ఆశలు పెట్టుకోదగ్గ కుర్రాడు. పద్దెనిమిదికి అనుమానం మొదలవుతుంది. ఇరవై దాటితే చూడటానికే ఎవరూ రారు. వాల్డెజ్ 1993 నవంబర్లో పుట్టాడు. ఊరు సబానా గ్రాందె దె పాలెంకె, దక్షిణ తీరంలో ఉంటుంది. ఆస్ట్రోస్ అతనితో సంతకం చేయించుకున్నది 2015 మార్చిలో. అతన్ని చూసిన రోజు గురించి అక్కడ అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ట్రైయవుట్లో అతని వంతు వచ్చేసరికి పొద్దు గూకిపోయింది, మైదానంలో లైట్లు లేవు. కారు హెడ్‌లైట్లు వేసి, ఆ వెలుగులో విసరమన్నారు.

అందరికీ నచ్చే కథ. నాకూ నచ్చింది. కానీ దీన్ని రీల్స్‌లో వాడే పద్ధతి చూస్తే ఒళ్ళు మండుతుంది. వెనక వయొలిన్, మధ్యలో "ఓపిక పట్టు, నీ టైమ్ వస్తుంది". ఏ టైమ్? పదహారు నుంచి ఇరవై ఒకటి దాకా ఐదేళ్ళు అదే చెయ్యి, అదే ఊరు, అదే దేశంలో 30 జట్ల అకాడమీలు. ఓపిక పట్టాల్సింది వాల్డెజ్ కాదు, చూసేవాళ్ళు చూడలేదు. దాన్ని అతని సహనం ఖాతాలో వేసేసి చప్పట్లు కొట్టేస్తే, చూడనివాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

ఇక డబ్బు సంగతి. 2008లో ఓక్లాండ్ జట్టు మైకెల్ ఇనోవా అనే పదహారేళ్ళ డొమినికన్ పిచ్చర్‌కి 42 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. ఆరడుగుల ఏడంగుళాల పిల్లాడు, లాటిన్ అమెరికా కుర్రాళ్ళలో అప్పటికి రికార్డు బోనస్. తర్వాత మోచేయి దెబ్బతింది, ఆపరేషన్ అయింది, ఏళ్ళు పోయాయి. చివరికి 2016లో, మరో జట్టు తరఫున మేజర్ లీగ్‌లోకి వచ్చి రెండు సీజన్లు ఆడాడు. అతన్ని తక్కువ చేయడానికి చెప్పట్లేదు, అంత దూరం వెళ్ళడమే గొప్ప. నేను చూస్తున్నది ఆ మధ్యలో గడిచిన ఎనిమిదేళ్ళని. 42 లక్షలు పెట్టినవాడి కోసం ఎనిమిదేళ్ళు ఆగుతారు. అందులో 425వ వంతు పెట్టినవాడి కోసం? మామూలుగా అయితే రెండు చెడ్డ సీజన్లు చాలు, అకాడమీ నుంచి ఇంటికి బస్సెక్కించడానికి. ఓపిక కూడా బోనస్‌తో పాటే కొలిచి ఇస్తారన్నమాట.

అసలు విషయం ఇక్కడే ఉంది. వాల్డెజ్ కథలో నాకు ముఖ్యం హెడ్‌లైట్లు కాదు, 2019.

2018 ఆగస్టు 21న మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. సంతకం చేసిన మూడున్నరేళ్ళకే. ఆ ఏడాది కొద్ది మ్యాచుల్లోనే బాగా మెరిశాడు. 2019లో బండి పట్టాలు తప్పింది. ఈఆర్‌ఏ అని ఒక లెక్క ఉంటుంది, తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ తన తప్పు మీద సగటున ఎన్ని పరుగులు ఇస్తాడో చెప్పేది. మూడు లోపుంటే మొనగాడు, ఐదు దాటితే ఇంటిదారే. వాల్డెజ్‌ది 5.86. ఇంకా ఘోరం వాక్‌లు. బ్యాటరుకి అందకుండా నాలుగు బంతులు విసిరితే అతను తీరిగ్గా నడుచుకుంటూ బేస్‌కి వెళ్ళిపోతాడు, మన వైడ్ లాంటిదే కానీ నాలుగు పోగుపడాలి. వాల్డెజ్ 70.2 ఇన్నింగ్స్‌లో 44 మందిని అలా నడిపించాడు.

తర్వాతి ఏడు 2020, కోవిడ్ సీజన్, 60 మ్యాచులే. ఖాళీ స్టేడియాలు. విచిత్రంగా ఆ ఏడాది కూడా అతను సరిగ్గా 70.2 ఇన్నింగ్సే వేశాడు. వాక్‌లు 16. ఈఆర్‌ఏ 3.57. ప్రయోగశాలలో పెట్టినట్టు మిగతాదంతా స్థిరంగా ఉంచి ఒక్కటే మార్చిన రీడింగ్‌లా ఉంటుంది ఆ రెండు వరసలూ పక్కపక్కన చూస్తే. చెయ్యి మారలేదు. జట్టు సైకాలజిస్టుతో కూర్చోవడం, మౌండ్ మీద కోపమొచ్చినప్పుడు ఊపిరి మీద దృష్టి పెట్టడం తనకెంత సాయపడ్డాయో అతనే చెప్పుకున్నాడు.

అయితే ఒక సంగతి దాచకూడదు. 5.86 తర్వాత అతనికి బంతి మళ్ళీ ఎందుకు ఇచ్చారు? ఆస్ట్రోస్‌ది పెద్ద మనసనా? నాకైతే అనిపించదు. (ఆస్ట్రోస్ అంటేనే 2017లో ఎదుటి జట్టు సైగలు దొంగిలించిన కథ గుర్తొచ్చేవాళ్ళున్నారు, న్యాయమే. వాల్డెజ్ అప్పటికి పైజట్టులో లేడు.) వాళ్ళ పెద్ద పిచ్చర్ గెరిట్ కోల్ యాంకీస్‌కి వెళ్ళిపోయాడు. ఇంకో పెద్ద పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్ మోచేయి ఒక్క మ్యాచుకే మొరాయించింది. చోటు ఖాళీ అయింది. ఖాళీ లేకపోతే 5.86 గాడికి రెండో ఛాన్స్ వచ్చేదా? నేను రాదనే అంటాను.

ఒక చిన్న పక్కదారి, ఎఫ్‌ఎం రాసి మర్చిపోయినవాళ్ళ కోసం. బేస్‌బాల్లో బంతి నేలని తాకకుండా నేరుగా బ్యాటరు దగ్గరికి పోవాలి, 60 అడుగుల 6 అంగుళాలు. పిచ్ సాయం ఉండదు, ఏం తిప్పినా గాల్లోనే తిప్పాలి. అక్కడ పనిచేసేది మాగ్నస్ ఎఫెక్టే. బంతి మీద టాప్‌స్పిన్ పెడితే గాలి దాన్ని కిందికి తోస్తుంది, అదే వాల్డెజ్ కర్వ్‌బాల్. అతని ఇంకో ఆయుధం సింకర్, చివర్లో మునిగిపోతుంది. బ్యాటు బంతి నెత్తిన తగులుతుంది, బంతి నేల మీద దొర్లుతుంది, ఫీల్డరు తీరిగ్గా ఏరుకుంటాడు. అప్పటికి లీగంతా బంతిని పైకి లేపి సిక్సర్ కొట్టే పిచ్చిలో ఉంది. అందరూ పైకి చూస్తుంటే ఇతను కిందికి విసురుతూ కూర్చున్నాడు. మాకు మాగ్నస్ ఎఫెక్ట్ రెండు మార్కుల ప్రశ్నగా వచ్చింది. ఎవరైనా అప్పుడే ఈ కర్వ్‌బాల్ చూపించి ఉంటే నాకు ఆ రెండు మార్కులూ వచ్చేవి.

2020 తర్వాత కూడా అంతా నున్నటి రోడ్డేం కాదు. 2021 మార్చిలో బంతి తగిలి ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. ఎడమచేత్తో విసిరేవాడికి! మే ఆఖరికి తిరిగొచ్చాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో రెండుసార్లు బరిలోకి దిగితే రెండుసార్లూ మూడో ఇన్నింగ్స్ దాటలేదు, రెండుసార్లూ ఐదేసి పరుగులు ఇచ్చాడు. కప్పు అట్లాంటాకి పోయింది. 2022లో మళ్ళీ అతనికే బంతి. ఆ ఏడాది వరసగా 25 క్వాలిటీ స్టార్టులు, అంటే కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసి మూడుకి మించి పరుగులు ఇవ్వకపోవడం. ఒకే సీజన్లో అన్ని ఎవరికీ లేవు. ఈఆర్‌ఏ 2.82. వరల్డ్ సిరీస్‌లో రెండు మ్యాచులు వేసి రెండూ గెలిపించాడు. ఆ రెండోదే నేను హాస్టల్ మంచం మీద కళ్ళు నులుముకుంటూ చూసింది. 2023 ఆగస్టు 1న క్లీవ్‌లాండ్ మీద 93 బంతుల్లో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం ముగించాడు. ఆస్ట్రోస్ చరిత్రలో ఒక ఎడమచేతివాడు అలా చేయడం అదే మొదటిసారి.

ఇదంతా మా రూమ్మేట్‌కి చెప్తే వాడు చాలా మామూలుగా అన్నాడు, "గెలిచినోడి కథ నువ్వు చెప్తున్నావ్. ఓడినోళ్ళది ఎవడు చెప్తాడు? అలాంటోళ్ళు వెయ్యి మందిలో ఒక్కడు పైకొస్తే సిస్టమ్ తప్పెలా అవుద్దిరా? వడపోత అంటేనే అది." నిజమే, అందరికీ చోటుండదు. వడపోత వద్దని నేనూ అనట్లేదు. కానీ వాల్డెజ్ ఒక్కడే అయితే అదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. అదే 2022 వరల్డ్ సిరీస్‌లో నాలుగో మ్యాచ్ వేసిన క్రిస్టియన్ జేవియర్ కూడా డొమినికన్ వాడే, అదే 2015లో, అదే 10 వేల డాలర్లకి వచ్చినవాడే. ఆరు ఇన్నింగ్స్ ఒక్క హిట్ ఇవ్వలేదు. వెనకొచ్చిన ముగ్గురూ ఇవ్వలేదు. ఒకే జట్టు, ఒకే ఏడాది చిల్లర డబ్బులకి ఏరుకున్న ఇద్దరు కలిసి వరల్డ్ సిరీస్‌లో మూడు మ్యాచులు గెలిపించారంటే, మిగతా 29 జట్ల జల్లెడకి కన్నాలు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోవాలి కదా?

నా వాదన ఇంతే. పదహారేళ్ళవాడిలో రేపటి ఆటగాడిని కనిపెట్టే కన్ను ఎవరికీ లేదు. 42 లక్షలు పెట్టినవాళ్ళకీ లేదు, పదివేలు పెట్టినవాళ్ళకీ లేదు. లేనప్పుడు చేయగలిగింది ఆలస్యంగా వచ్చినవాడి కోసం తలుపు కొంచెం తెరిచి ఉంచడం, చెడ్డ ఏడాది పడ్డవాడికి ఇంకో ఏడాది ఇవ్వడం. రెండోది మరీ ముఖ్యం. హెడ్‌లైట్లు ఒక్క సాయంత్రం వేస్తే చాలు, ఫొటోకి కూడా బాగుంటుంది. 5.86 ఈఆర్‌ఏ వాడిని మళ్ళీ మౌండ్ మీద నిలబెట్టడానికి వయొలిన్ వాయించేవాళ్ళు ఎవరూ ఉండరు.

మన దగ్గర సంగతి కూడా ఒక్క ముక్క. ఫస్టియర్ రెండో సెమ్‌లో వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం బాగోక ఇంటి దగ్గరే ఉండిపోయి మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్నవాడు మా బ్రాంచిలో ఒకడున్నాడు. తర్వాత అన్నీ క్లియర్ చేశాడు. మా బ్యాచ్‌లో వాడంత కోడ్ రాసేవాడు లేడు, ఇది నేనొక్కణ్ణే అనే మాట కాదు. కానీ వాడి సీజీపీఏ 6.8, పైగా 'హిస్టరీ ఆఫ్ బ్యాక్‌లాగ్స్' గడిలో టిక్. కంపెనీలు ఏ కటాఫ్ పెట్టుకుంటాయో అది వాళ్ళిష్టం. మన చేతిలో ఉన్నదైనా చేయొచ్చుగా? ప్లేస్‌మెంట్ సెల్ సీజన్‌కి ఒక్కసారి, కటాఫ్ లేకుండా, ఎవరైనా కూర్చోగల కోడింగ్ టెస్ట్ ఒకటి పెట్టి, అందులో పైన నిలిచినవాళ్ళ పేర్లు విడిగా కంపెనీలకి పంపితే పోయేదేముంది? ఖర్చు ఒక శనివారం, ఒక ల్యాబ్. వచ్చే నెల క్లాస్ రిప్రజెంటేటివ్‌ల మీటింగ్‌లో ఇది అడుగుతున్నాం, సంతకాల కాగితం లైబ్రరీ కౌంటర్ దగ్గర ఉంది.

ఈ గురువారం ఇంకో కంపెనీ వస్తోంది. కటాఫ్ 7.5. వాడు ఆ పూటంతా ల్యాబ్‌లోనే ఉంటానన్నాడు. ఇంటర్వ్యూకి వెళ్తున్న ఒకడి ప్రాజెక్ట్ రన్ కావట్లేదట, దాన్ని సరిచేసి ఇవ్వాలి.