తొట్టిలో ముసలితనం

సముద్రంలో చూపు మందగించిన చేప ఎక్కువ రోజులు బతకదు. కాస్త వెనకబడితే చాలు, ఏ పెద్ద చేపో మింగేస్తుంది. అద్దాల తొట్టిలో ఆ భయం లేదు. వేళకు మేత దొరుకుతుంది, వెంటాడే శత్రువు ఉండదు. అందుకే అక్కడ చేపలు నిజంగానే ముసలివవుతాయి. పిల్లలందరికీ 'నీమో'గా తెలిసిన క్లౌన్ చేపను శ్రద్ధగా చూసుకుంటే 20 ఏళ్లు దాటి బతుకుతుంది. పిల్లవాడిని బడిలో వేసిన ఏడు కొన్న చేప, వాడు ఉద్యోగంలో చేరేనాటికీ ఇంట్లోనే ఉండొచ్చు. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పడం అరుదు.

కంట్లో పొర కమ్మడం, పక్కనే పడిన మేత కోసం తడుముకోవడం, వెన్ను వంగడం వయసుతో వచ్చేవి. వాటిని మనం ఆపలేం. కానీ ముసలి చేపలను బాధపెట్టే జబ్బుల్లో చాలావాటికి మన చేతులే కారణం. అన్నిటికన్నా పెద్దది అతిగా మేపడం. తొట్టిలో ఈత తక్కువ, తిండి ఎక్కువ. ఏళ్ల తరబడి కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది. చేప మాత్రం పైకి బొద్దుగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మిగిలిన మేత, చేప విసర్జనలు చివరికి నైట్రేట్‌గా మారి నీటిలోనే ఉండిపోతాయి. నీరు తేటగా ఉందని మనం మార్చం. తొట్టెల్లో పెరిగే సొరచేపలకు గొంతు కింద వాపు రావడానికి ఈ నైట్రేటే ఒక కారణం: ఒంటికి అయోడిన్ పట్టనివ్వదు. సర్జన్ చేపల తలమీదా పక్కల వెంబడీ గుంటలు పడే జబ్బుకు, నీటిని శుభ్రం చేసేందుకు మనం వాడే బొగ్గు పొడి కూడా దోహదం చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. మంచికని చేసిందే చెరుపు చేసింది.

క్లౌన్ చేపలాంటి సముద్రపు చేపకు ఇంకో కష్టం ఉంది. ఉప్పునీరు దాని ఒంట్లోని నీటిని నిరంతరం లాగేస్తుంటుంది. అందుకే అది నీరు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ బతకాలి. వయసు మళ్లి జబ్బుపడ్డ చేపకు ఆ చాకిరీ కూడా భారమే.

ఇంత చిన్న ప్రాణికి వైద్యమా అనుకోకూడదు. కెనడాలోని వాంకూవర్ అక్వేరియంలో కన్ను పోయిన రాక్‌ఫిష్‌ను తోటి చేపలు వేధిస్తుంటే, వైద్యులు దానికి కృత్రిమ కన్ను అమర్చారు. మన ఇళ్లలో అంత అక్కర్లేదు. మేత తగ్గించి, ముక్కలు చిన్నవి చేసి ముసలి చేప నోటి దగ్గరే వేయాలి. తరచూ కొంచెం కొంచెం నీరు మార్చాలి. దూకుడుగా ఉండే కుర్ర చేపలను ఆ తొట్టిలో వదలకూడదు. క్లౌన్ చేపల జంటలో పెద్దది ఆడది. వైద్యం పేరుతో దాన్ని చాలాకాలం వేరుగా ఉంచితే మగది ఆడదిగా మారిపోతుంది, తిరిగి కలిపితే కొట్లాటే.

విశాఖలాంటి ఊళ్లలో సముద్రం పక్కనే ఉంది కదా అని ముసలి చేపను అలల్లో వదిలెయ్యాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. వేటాడటం మరిచిన చేప అక్కడ బతకదు. దాని జబ్బులు సముద్రపు చేపలకు అంటుకోవచ్చు. చేపను కొనే ముందే దాని చివరి ఏళ్లను లెక్కలో వేసుకోండి. అంతకాలం చూసుకోలేమనిపిస్తే కొనకండి.