కొన్నవారు, చేసినవారు

డాన్ డిలిల్లో నవల ‘వైట్ నాయిస్’ (1985)లో జాక్ గ్లాడ్నీ పేరున్న ప్రొఫెసర్. కాలేజీలో నల్లగౌను, నల్లకళ్లద్దాలతో హుందాగా తిరుగుతాడు. అవి లేకుండా ఓసారి దుకాణంలో ఎదురుపడితే, తోటి ఉద్యోగి అతన్ని వయసు మళ్లిన మామూలు మనిషిలా ఉన్నారని అనేస్తాడు. ఆ మాట గుచ్చుకుంటుంది. భార్యాపిల్లలతో మాల్‌కి వెళ్లి కనబడిందల్లా కొంటాడు. కొన్నకొద్దీ తన విలువ పెరుగుతున్నట్టే అనిపిస్తుంది. ఇల్లు చేరాక మాత్రం ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోతారు.

విషమేఘం కమ్ముకొస్తోందని శిబిరంలో తలదాచుకున్న రాత్రి, అతని కూతురు నిద్రలో ఏదో కలవరిస్తుంది. తండ్రి చెవి ఒగ్గి వింటాడు. టయోటా సెలికా. ఒక కారు పేరు! అతనికది మంత్రంలా వినిపిస్తుంది.

ఎడాపెడా కొనడాన్ని మనం ఆశ అంటాం. డిలిల్లో దాని అడుగున ఉన్న భయాన్ని చూపించాడు. చావంటే భయం, ఎవరికీ పట్టనివాడిగా మిగిలిపోతానేమోనన్న భయం. బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ ‘అమెరికన్ సైకో’ (1991)లోనూ అంతే. ఎదుటివాడి సూటు ఏ కంపెనీదో ఇట్టే చెప్పగలవాళ్లు, ఆ మనిషినే ఇంకొకడనుకుని పలకరిస్తారు.

అయితే ఇదంతా కొన్నవాడి కథ. చేసినవాళ్లను కూడా కథలోకి తెచ్చింది లింగ్ మా నవల ‘సెవరెన్స్’ (2018). చిన్నప్పుడే చైనా నుంచి వచ్చిన క్యాండేస్ చెన్‌ది న్యూయార్క్‌లో ఉద్యోగం. అమెరికన్ ప్రచురణకర్తల బైబిళ్లను ఆసియాలో అచ్చు వేయించాలి. ఆడపిల్లల కోసం తెచ్చే ఒక బైబిల్‌కి రంగురాళ్ల నగ జతచేయాలి. ఆ రాళ్లను సానబట్టే కార్మికుల ఊపిరితిత్తులు దుమ్ముతో పాడైపోతాయి. పని ఆగిపోతుంది. ప్రచురణకర్తకు కావలసింది మాత్రం ఇంకో సరఫరాదారు. క్యాండేస్ చెడ్డమనిషి కాదు. ఆమెకా ఉద్యోగం కావాలి, అంతే. ఈ నవలలో నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఆ మంచితనమే.

తర్వాత మహమ్మారి వచ్చి నగరం ఖాళీ అవుతుంది. జ్వరం సోకిన ఒక సేల్స్‌గర్ల్, కొనేవాళ్లే లేని దుకాణంలో బట్టలు మడతపెడుతూనే ఉంటుంది.

అమెరికాకు మన తెలుగు కుటుంబాలూ క్యాండేస్ తల్లిదండ్రుల దారిలోనే వలసవెళ్లాయి. అక్కడ కట్టుకున్న ఇంటి గురించి, ఆ ఇంట్లోని ఒంటరితనం గురించి మన కథకులు రాస్తున్నారు. ఆ ఇంట్లోకి చేరిన వస్తువుల మీద ఎవరి ఊపిరి ఖర్చయిందో అడిగే కథలూ కావాలి. రాస్తే మాకు పంపండి. ముందు పేజీల్లో వేస్తాం.