దూడ పుట్టాక కాదు, సూది వేయించే ముందే ఆలోచించాలి

ఈసారి పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. చదివాక కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇది ముందుగా నా మీద నాకొచ్చిన కోపమే.

విషయం మగదూడలు.

ఆవు ఈనిందని ఫోనొస్తే మనం అడిగే మొదటి మాట ఏంటి? "పెయ్య దూడా, కోడె దూడా?" తల్లి బాగుందా అన్నది రెండో మాట. పెయ్య అన్నారంటే ఇంట్లో పండగ. కోడె అన్నారంటే "సర్లే" అని ఫోను పెట్టేస్తాం. ఒంగోలు కోడె పుడితే ఊరంతా చూడ్డానికొస్తుంది. జెర్సీ కోడె పుడితే ఇంటివాడు కూడా సరిగ్గా చూడడు.

తర్వాత జరిగేది మనందరికీ తెలుసు, ఎవరం పైకి చెప్పుకోం. పెయ్యకు కడుపునిండా జున్నుపాలు. కోడెకు రెండు గుక్కలు, మిగతాది జున్ను వండి చుట్టాలకు. గేదెకు దున్న దూడ పుడితే ఇంకా దారుణం. చేపు కోసం నాలుగు చీకులు చీకనిచ్చి లాగి గుంజకు కట్టేస్తాం. ఆ దూడ తల్లి వైపు మెడ చాచి పలుపు లాగుతూనే ఉంటుంది. పదిహేను రోజులకు పొట్ట ఉబ్బుతుంది, పారుకుంటుంది, ఓ పొద్దున లేవదు. "దూడ పోయిందిరా" అంటాం. పోలేదండీ. పస్తు పెట్టి మనమే పోగొట్టాం.

నేనేం చేశానో కూడా చెప్తాను, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టుంటుంది.

రెండేళ్ల కిందట మా జెర్సీ ఆవుకు కోడె పుట్టింది. ఎర్రటి దూడ, నుదుట తెల్లటి చుక్క. నెల రోజులు ఉంచాను. "రోజుకు రెండు లీటర్లు దీనికెందుకు పోయాలి" అన్న లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. ఓ రాత్రి ఆటోలో ఎక్కించి, టౌన్లో కూరగాయల మార్కెట్ దగ్గర దించేసి వచ్చాను. "కూరగాయల తొక్కలు దొరుకుతాయి, బతికేస్తుంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. నెల రోజుల దూడ తొక్కలు తిని బతకదని పశువుల్లో పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. తల్లి మూడు రోజులు అరిచింది. ఇంట్లో అడిగితే ఎవరికో పెంపకానికిచ్చానని అబద్ధం చెప్పాను.

ఇరవై రోజుల తర్వాత యూరియా కోసం టౌనుకు వెళ్లాను. కొట్టు ఎదురుగా చెత్తకుండీ దగ్గర అదే దూడ. నుదుటి చుక్క చూసి గుర్తుపట్టాను. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నోట్లో ప్లాస్టిక్ కవరు. అది నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. బస్తా బండి మీద వేసుకుని వచ్చేశాను. మర్నాడు మనసు ఆగక ఆటో తీసుకుని వెళితే అది లేదు. చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. దొరకలేదు.

అప్పట్నుంచీ ఒక్కటే ఆలోచన. తప్పు నేను మార్కెట్ దగ్గర దూడను దించిన రాత్రి జరిగిందా? కాదు. అంతకు పది నెలల ముందు, ఆవు ఎదకొచ్చినప్పుడు గోపాలమిత్రకు ఫోన్ చేసిన రోజే జరిగింది. ఆ రోజు నేను పాల గురించి ఆలోచించాను గానీ దూడ గురించి ఆలోచించలేదు. ఆవు పాలివ్వాలంటే ఈనాలి. ఈనితే సగం సార్లు మగదే పుడుతుంది. అది ప్రకృతి లెక్క, మనకు చిన్నప్పట్నుంచీ తెలిసిందే. తెలిసి కూడా మగదూడ పుట్టిన ప్రతిసారీ ఇదేదో అనుకోని కష్టం వచ్చిపడినట్టు తల పట్టుకుంటాం.

ఒకప్పుడు ఈ సమస్య లేదు. కోడె అంటే నాగలి, కోడె అంటే బండి. మా తాత దగ్గర ఆవు కంటే ఎద్దుకే మర్యాద ఎక్కువ. ట్రాక్టరొచ్చింది, ఎద్దు పని పోయింది. దానిమీద పాల కోసం జెర్సీ, హెచ్ఎఫ్ సంకరం చేశాం. ఆ కోడెకు మూపురం సరిగ్గా ఉండదు, ఎండకు ఆగదు, కాడి కింద ఒంగోలు ఎద్దుతో సరితూగదు. అది దాని తప్పా? అలాంటి దూడ కావాలని అడిగి సూది వేయించింది మనం.

2019 పశుగణన చూడండి. దేశం మొత్తం మీద ఆవులూ ఎద్దులూ కలిపి 19 కోట్ల 25 లక్షలు. అందులో ఆడవి 14 కోట్ల 51 లక్షలు. అంటే మగవి 5 కోట్లు కూడా లేవు. పుట్టేటప్పుడు సగం సగం పుట్టేవి, ఇంత తేడా ఎక్కడ వచ్చింది? ఆవును ఎక్కువ ఏళ్లు ఉంచుకుంటాం కాబట్టి కొంత తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. మిగతా తేడా ఎక్కడ పోయిందో మన చావిళ్లను అడిగితే చెప్తాయి. అదే గణనలో వీధుల్లో తిరిగే పశువులు 50 లక్షలకు పైనే అని తేలింది. అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక్కో దాని వెనక ఒక్కో రైతు ఉన్నాడు. ఒకదాని వెనక నేనున్నాను.

ఇప్పుడు మనం చెప్పుకునే సాకుల దగ్గరకొద్దాం.

మొదటిది, "ఎవరికో ఒకరికి ఇచ్చేశాం". ఎవరికి? ఇంటిముందుకు ఆటో వేసుకుని వచ్చి, "పెంచుకుంటాం అన్నా" అని రెండు వందలు చేతిలో పెట్టి పదిహేను రోజుల దూడను తీసుకెళ్లేవాడు దాన్ని ఏ పాలు పోసి పెంచుతాడు? ఒక్కసారైనా వాడి ఊరడిగామా? వాడి చావిడి చూశామా? అడగలేదు, ఎందుకంటే జవాబు మనకు తెలుసు. పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాలు విచారిస్తాం, దూడనిచ్చేటప్పుడు ఫోన్ నెంబరు కూడా తీసుకోం.

రెండోది, "దేవుడికిచ్చాం". వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంది, సింహాద్రి అప్పన్నకు దూడనివ్వడం ఉంది. ఆ భక్తిని నేను తప్పు పట్టను. మొక్కుకున్నవాడు బాగా పెంచిన కోడెను కడిగి, బొట్టు పెట్టి ఇస్తాడు. అది ఇవ్వడం. పాలు మరవని దూడను రాత్రిపూట ఏదో గుడి గోడ పక్కన కట్టేసి రావడం మొక్కు కాదు, వదిలించుకోవడం. మనకు పనికిరానిది దేవుడికెలా పనికొస్తుంది? గోశాల సంగతీ అంతే. అక్కడ కూడా గడ్డి కొనాలి, మనిషి ఉండాలి, తల్లిపాలు మాత్రం ఉండవు. ఖర్చుకు ఏమీ ఇవ్వకుండా దూడను మాత్రం ఇస్తే, మన బాధ్యతను ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే.

మూడోది, "అందరూ చేస్తున్నదే". 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పశువును ఆకలికీ దాహానికీ వదిలేయడం నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. పది రూపాయలకు ఇవాళ రెండు టీలు కూడా రావు. కాబట్టి చట్టానికి భయపడమని నేను చెప్పను. కనుమనాడు కొమ్ములకు రంగులేసి, పూలదండ కట్టి, పొంగలి తినిపించే చేతులివి. వాటికి భయపడమంటున్నాను.

నాలుగోది గట్టి సాకు, "గిట్టుబాటు కాదు". దీన్ని తేలిగ్గా తీసేయను. దాణా రేటు ఎంతో, పాల కేంద్రంలో వెన్న శాతం పేరుతో మన చేతికొచ్చేది ఎంతో నాకూ తెలుసు. అందుకే కాగితం మీద లెక్క వేశాను. దూడకు రోజుకు రెండు లీటర్ల చొప్పున అరవై రోజులు పోస్తే 120 లీటర్లు. లీటరు నలభై వేసుకున్నా 4,800. రోజుకు సగటున ఎనిమిది లీటర్ల చొప్పున 280 రోజులిచ్చే ఆవు ఆ ఈతలో దాదాపు తొంభై వేల పాలిస్తుంది. అంటే వంద రూపాయల పాలలో ఐదు రూపాయల పైచిలుకు దూడకు పోతుంది. ఆ పాలు అసలు ఎవరి కోసం వచ్చాయండీ? వందలో తొంభై నాలుగు మనం తీసుకుని ఐదో ఆరో ఇవ్వడానికి ఏడిస్తే, అది పేదరికం కాదు.

గేదె విషయంలో అయితే దూడను చంపుకోవడం నష్టం కూడా. దూడ పోతే గేదె చేపదు. అప్పుడు తోలులో గడ్డి కుక్కిన బొమ్మను ముందు పెట్టాలి, లేదంటే చేపు సూది పొడవాలి. 4,800 మిగిలిందనుకున్నవాడు పొదుగులో ఎంత పోగొట్టుకుంటున్నాడో లెక్క వేసుకోవాలి.

మరి ఏం చేద్దాం? నాకు తోచినవి చెప్తాను.

ఒకటి. ఆడదూడలు పుట్టే సూది వచ్చింది. పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి. ఆవులకూ ఉంది, గేదెలకూ ఉంది. పశువుల ఆసుపత్రిలో రాయితీ గురించి అడగండి. అయితే దీంట్లో చూలు నిలబడటం మామూలు సూది కంటే కొంచెం తక్కువ. తొలిచూలు పెయ్యల్లో, ఆరోగ్యంగా ఉన్న పశువులో బాగా నిలుస్తుంది. ఎద సరైన వేళ పట్టుకోవాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. ఒక్కసారి తప్పిందని "అది దండగ" అని ఊరంతా చాటకండి.

రెండు. ఆ సూదికీ పదింట ఒకటి మగదే. కాబట్టి సూది ఒక్కటే జవాబు కాదు. ఏది పుట్టినా మొదటి గంట రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి. మొదటి రోజు దూడ బరువులో పదో వంతు, అంటే పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్లు. బొడ్డుకు టింక్చర్ అయోడిన్. పది పదిహేను రోజులకు డాక్టరును అడిగి నట్టల మందు, ముఖ్యంగా గేదె దూడకు. దానికి తల్లిపాలలోంచే ఏలికపాములు వస్తాయి. తర్వాతే మనకు జున్ను.

మూడు. సాకలేనన్ని పశువులను సూది వేయించకండి. నాలుగు బక్క ఆవుల కంటే బాగా మేసే రెండు ఆవులు నయం.

నాలుగు. ఇది కొంతమందికి నచ్చదు. దున్నదూడను ఏడాదిన్నర, రెండేళ్లు మేపితే సంతలో బేరం వస్తుంది. అది చివరికి ఎక్కడికి పోతుందో మనకు తెలుసు, తెలియనట్టు నటించొద్దు. అయినా చెప్తున్నాను, రెండేళ్లు కడుపునిండా తిని పోవడం వేరు, పదిహేను రోజులు తల్లి ఎదురుగా ఆకలికి మాడి పోవడం వేరు. రెండోదాంట్లో నెత్తురు కనిపించదు కాబట్టి మన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకుంటున్నాం. ఆవుదూడకు ఆ దారి కూడా అంత సులువు కాదు. మగదైనా ఆడదైనా వధించడం 1977 చట్టం ప్రకారం నేరం. అంటే జెర్సీ కోడె పుడితే దాన్ని ఎవరో ఒకరు మేపాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో సూది వేయించే ముందే తేల్చుకోవాలి.

ఐదు. ఒక్కడివల్ల కాదంటే నలుగురు కలవండి. మా ఊళ్లో ఐదిళ్లం మాట్లాడుకున్నాం. చెరువు పక్కన ఒకరి బీడు ఉంది, అక్కడ నేపియర్ గడ్డి వేశాం. పాలు మరిచిన కోడెలను వంతులవారీగా చూసుకుంటున్నాం. ఇప్పటికి మూడున్నాయి. వాటి పేడ పంచుకుంటున్నాం. లాభమా అంటే కాదు. కానీ రాత్రిపూట ఆటో పిలవాల్సిన పని లేదు.

పాల కేంద్రాలవాళ్లను, ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. పాల ధరలో దూడ ఖర్చు కలపమని అడుగుదాం, గట్టిగా అడుగుదాం. కానీ వాళ్లు ఇచ్చేదాకా దూడ ఆకలి ఆగదు. అడిగే హక్కు కూడా ముందు మన చావిడి సరిచేసుకున్నాకే వస్తుంది.

మా ఆవు వచ్చే నెల ఈనుతుంది. ఎద వచ్చిన రోజు ఆడదూడల సూది దొరకలేదు, మామూలుదే వేయించాం. కాబట్టి ఏది పుడుతుందో తెలియదు. ఈసారి ఫోనొస్తే "తల్లి బాగుందా, దూడ పాలు తాగిందా" అని అడగాలని ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాను. కోడె పుట్టి, రెండు నెలల తర్వాత అది మా చావిట్లో కనిపించకపోతే, మీలో ఎవరైనా సరే ఇంటికొచ్చి నన్ను నిలదీయండి. "ఎవరికో ఇచ్చాను" అని చెప్తే నమ్మకండి.