వెలికిరాని యూపిరి



ఏండ్ల తరబడి కట్టెలపొయ్యి యొద్ద వండి వార్చిన పెద్దలు నాలుగు మెట్లెక్కి నిలిచి రొప్పుట మనమెరుగనిది కాదు. “వయసు మీరినది గదా” యని యింటివారు సరిపెట్టుకొందురు. చుట్ట ముట్టని యాడుదానికి ఊపిరితిత్తుల జబ్బేమని నవ్వువారును గలరు. ఈ రెండు మాటలును సరికావని మేము చెప్పదలచితిమి.

వైద్యులు దీనిని సీ.ఓ.పీ.డీ. యందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021వ సంవత్సరమున ఈ వ్యాధిచే 35 లక్షలమంది మరణించిరి. పొగాకువలెనే వంటచెరకు పొగయు దీనికి కారణము.

మన శ్వాసనాళము చెట్టుకొమ్మలవలె 20కి పైగా పర్యాయములు చీలి, తుదకు సన్నని గాలిబుడగలలో ముగియును. పెద్దకొమ్మలకు మెత్తని యెముక కట్టు కలదు. 2 మిల్లీమీటర్లకు లోబడిన చిన్నగొట్టములకు అది లేదు. చుట్టునున్న సాగెడు పోగులు, డేరాను త్రాళ్లు పట్టినట్లు, నలువైపుల లాగిపట్టుటచేతనే యవి తెరచుకొనియుండును. పొగ యీ పోగులను క్రమముగా నాశనము చేయును. పీల్చునపుడు రొమ్ము విప్పారి గొట్టములు తెరచుకొనును గనుక గాలి లోనికి పోవును. విడుచునపుడు ఒత్తిడికి గొట్టములు ముడుచుకొనిపోవును. పాతగాలి లోపలనే చిక్కుపడును. ఇక క్రొత్తగాలికి చోటేది? బలముగా ఊదినకొలది గొట్టములు మరింత అణగును.

కావున ఆయాసపడువారి యెదుట నిలిచి “గట్టిగా పీల్చుము” అని తొందరపెట్టరాదు. వారికి పీల్చుటకన్న విడుచుటయే కష్టము. ముక్కుతో మెల్లగా పీల్చి, ఈల వేయునట్లు పెదవులు చుట్టి, దీపము ఆరక రెపరెపలాడునంత నెమ్మదిగా, పీల్చినదానికి రెట్టింపు సేపు విడువుమని చెప్పవలెను. పెదవుల యొద్ద అడ్డు కలుగుటచే లోపల ఒత్తిడి నిలిచి, గొట్టములు త్వరగా మూసికొనవు. కూర్చుండి ముందునకు వంగి, మోచేతులు మోకాళ్లపై నానించినను కొంత ఉపశమనము కలుగును. ఇది ఉపశమనమే గాని చికిత్స కాదు. పీల్చెడు మందులను వైద్యుడు చెప్పినట్లు వాడవలెను. పెదవులు నీలివన్నెకు తిరిగినను, మాట పూర్తిగా రాకున్నను క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

పాడైన పోగులు మరల రావు, మిగిలినవానినైనను కాపాడుకొనవలెను. 2016 మే 1వ తేదీన ఉజ్జ్వల పథకము మొదలైన పిమ్మట పేదయిండ్లకు గ్యాసుపొయ్యిలు వచ్చినవి. అయినను నీళ్లు కాచుటకు, పెద్దవంటలకు కట్టెలు రాజేయు ఇండ్లు నేటికిని గలవు. ఆ పొయ్యి ఆరుబయటనైనను ఉండునట్లు చూడుడు. పసిబిడ్డలను దాని దరి చేరనీయకుడు.

వ్యాధిని గుర్తించుటకు స్పైరోమెట్రీ యను పరీక్ష కలదు. నిండుగా పీల్చి ఒక గొట్టములోనికి బలముగా ఊదవలెను. గొట్టములు విప్పార్చు మందిచ్చిన పిమ్మట కూడ, మొత్తము ఊదిన గాలిలో మొదటి సెకనున వెలువడినది నూటికి 70 పాళ్లకు తగ్గినచో అడ్డంకి యున్నట్లు వైద్యులు గ్రహింతురు. సూదిపోటైనను లేని పరీక్ష యిది. మీ యింట మెట్ల నడుమ నిలిచిపోవు అత్తగారో, అమ్మగారో యున్నచో, వయసుపై నెపము వేయక ముందుగా ఆ పరీక్ష చేయింపుడని మా మనవి.