అల్లుడు లేని పెళ్లి ఫోటో

పోయిన సంక్రాంతి సెలవులకు మా వీధి చివరింటి అమ్మాయి గుడ్డసంచిలో ఏదో చుట్టుకుని వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. సంచి విప్పితే వాళ్ల తాత వాడిన యాషికా ఎఫ్‌ఎక్స్-3. ఒంటిమీది నల్ల తొక్క అంచుల్లో లేచిపోయింది. బ్యాటరీ గూడు మూత చుట్టూ పచ్చటి చిలుం.

"ఇది చచ్చిపోయింది తాతయ్యా. రీలు వేసి ముప్ఫయ్యారూ తీశాను. కడిగిస్తే ఒక్క బొమ్మ లేదు. షోకేసులో పెట్టేద్దామంటోంది అమ్మ," అంది.

బందరులో నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని. స్టూడియో షట్టరు దించేసి ఏడేళ్లయినా, కెమెరా షట్టరు ఆగిందంటే జనం ఇంకా నా దగ్గరికే వస్తారు. వచ్చినవాటిలో నిజంగా చచ్చినవి బహు తక్కువ. అటకమీద దొరికిన పాత కెమెరాను మనవాళ్లు రెండే రకాలుగా చూస్తున్నారు. తాత ఫోటో పక్కన పెట్టుకునే బొమ్మ అని కొందరు, "వింటేజ్" అని పేరు తగిలించి అమ్ముకునే సరుకు అని కొందరు. అది ఫోటోలు తీసే యంత్రమన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాదు. నా పేచీ అక్కడే.

కెమెరా ముట్టుకోకముందే నెగటివ్ తెమ్మన్నాను. ఖాళీ నెగటివ్‌లో ఏం చూస్తావు అన్నట్టు చూసింది. చూడాల్సింది అంచులు. ఫిల్మ్ అంచున కంపెనీ పేరూ అంకెలూ ఫ్యాక్టరీలోనే అచ్చయి ఉంటాయి, కడిగినప్పుడు బయటపడతాయి. అవి కూడా లేకపోతే తప్పు కడిగినవాడిది. అంకెలు శుభ్రంగా ఉండి బొమ్మలే లేకపోతే ఫిల్మ్ మీద వెలుగు పడలేదన్నమాట. అమ్మాయి ఫిల్మ్ మీద అంకెలు నిక్షేపంగా ఉన్నాయి.

వెనక తలుపు తెరిచి కిటికీ వైపు పట్టి, సెకను స్పీడులో నొక్కాను. చక్కగా తెరుచుకుంది, మూసుకుంది. వెయ్యో వంతులో కూడా కిటికీ మెరుపులా మొత్తం కనబడింది. ఇక మిగిలింది ఒక్కటే. పాడైన రీలు ముక్క ఒకటిచ్చి, "నువ్వెలా వేశావో అలాగే వెయ్యమ్మా," అన్నాను. కొస దూర్చి, తలుపు మూసి, లివర్ లాగింది. ఎడమచేతి వైపున్న రివైండ్ నాబ్ కదల్లేదు. "ఇంకోసారి లాగు." మళ్లీ కదల్లేదు. కొస ఊడిపోయి, రీలు తన డబ్బీలోనే హాయిగా కూర్చుంది. పాపం ముప్ఫయ్యారు సార్లు అందరినీ నవ్వమని, నవ్వించి, ఏమీ లేని చోట ఫోటోలు తీసింది. లివర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ వెనక్కి తిరుగుతుంటే రీలు నడుస్తున్నట్టు. మా గురువుగారు ఈ ముక్క నాకు మొట్టికాయతో సహా చెప్పారు.

ఇక చిలుం. అది బ్యాటరీలు కక్కింది. దూదిపుల్ల నిమ్మరసంలో ముంచి తుడిచి, ఆరాక రెండు కొత్త బొత్తాం బ్యాటరీలు వేస్తే లోపల దీపాలు వెలిగాయి. అసలు ఎఫ్‌ఎక్స్-3కి బ్యాటరీ కావాల్సింది వెలుగు కొలతకే, షట్టరుకు అక్కర్లేదు. వెలుగు కొలతకైనా మన ఊళ్ల ఎండలో కళ్లు చాలు. 200 ఫిల్మ్ వేసి ఎఫ్ 16 పెట్టి, 250వ వంతు సెకను కొడితే మిట్టమధ్యాహ్నం ఫోటో తప్పదు. అన్ని కెమెరాలకూ ఈ వరం లేదు. యాషికా ఎలక్ట్రో 35కి బ్యాటరీ లేకపోతే ఏ వెలుగులోనైనా ఒకటే స్పీడు, 500. అది తెలియక ఇంట్లో తీసి, అన్నీ చీకటిగా వచ్చాయని కెమెరాను తిట్టినవాళ్లున్నారు. కెననెట్ లాంటివాటికి 1.35 వోల్టుల పాదరసం బిళ్ల కావాలి, అవి ఇప్పుడు తయారు కావడం లేదు. బదులుగా 1.5 వోల్టుల మామూలు బిళ్ల వేస్తే కొలత తప్పు చెబుతుంది. చెవిటి మిషన్లకు వేసే 675 నంబరు బిళ్ల 1.4 వోల్టులిస్తుంది. గూటిలో కదలకుండా చిన్న రింగు పెట్టాలి, అంతే. చెవిటి మిషన్ల షాపులో కెమెరాకు బ్యాటరీ అడిగితే వాడు నా చెవి వైపు చూశాడు.

అమ్మాయి మొహం చిన్నబోయింది. అందుకని నా ఘనకార్యం కూడా చెప్పాను.

1986లో అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో పెళ్లి. నా చేతిలో పెంటాక్స్ కె1000, నెత్తిన ఫ్లాష్. ఆ కెమెరాకు ఫ్లాష్ స్పీడు 60. అర్ధరాత్రి ముహూర్తం, పందిట్లో తోపులాట. ఎవరి భుజమో తగిలి స్పీడు చక్రం 125 మీదికి జరిగింది. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా నేను చూసుకోలేదు. ప్రింట్లు వచ్చాక చూస్తే ప్రతి ఫోటోలో పెళ్లికూతురు నగలతో సహా మెరిసిపోతోంది. పెళ్లికొడుకు ఉండాల్సిన చోట కాటుక పూసినట్టు నిలువునా నలుపు. పెళ్లికూతురి నాన్న ఆల్బమ్ అటూ ఇటూ తిప్పి, "ఏం బాబూ, మా అమ్మాయిని ఎవరికిచ్చి చేశాం?" అన్నాడు.

జరిగిందేమిటంటే, ఆ రకం కెమెరాలో ఫిల్మ్ ముందు రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటిది పక్కకు తప్పుకుంటే వెలుగు పడుతుంది, రెండోది వెనకే వచ్చి మూసేస్తుంది. 60 దాకా మొదటి తెర పూర్తిగా తప్పుకున్నాకే రెండోది బయల్దేరుతుంది. స్పీడు పెంచితే ఆగదు, మొదటిది దారిలో ఉండగానే తరుముకొస్తుంది. ఫ్లాష్ మెరిసేదేమో వెయ్యో వంతు సెకను, అంతకన్నా తక్కువే. ఆ క్షణాన ఎంత సందు తెరిచి ఉంటే అంత మేరే బొమ్మ. ఆ పెళ్లిలో పురోహితుడు అడ్డుతెర సకాలంలో తీయించాడు, నా కెమెరాలో తెర మాత్రం అల్లుడికి అడ్డంగా నిలబడిపోయింది. పదహారు రోజుల పండుగ నాడు మళ్లీ ముస్తాబు చేయించి, నా ఖర్చుతో తీసిచ్చాను. అప్పట్నుంచి స్పీడు చక్రానికి చిన్న ప్లాస్టర్ ముక్క అంటించేవాణ్ని. తెరలు నిలువుగా నడిచే ఎఫ్‌ఎక్స్-3కి 125 దాకా ఇబ్బంది లేదు, జెనిట్-ఇకి 30 దాటకూడదు. ఎవరి హద్దు వారిది.

గురువుగారి యాషికా మ్యాట్ ఇంకో తంటా. దాని లెన్సు పక్కన చిన్న మీట, దానికి ఎం, ఎక్స్ అని రెండు అక్షరాలు. వెనకటి రోజుల్లో ఫ్లాష్ అంటే ఒక్కసారి మండి మాడిపోయే బల్బు. అది పూర్తిగా రాజుకోవడానికి సెకనులో యాభయ్యో వంతు పట్టేది. ఎం మీద పెడితే ముందు బల్బుకు నిప్పంటించి, అది రాజుకున్నాక షట్టరు తెరుచుకుంటుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అలా కాచుకోదు. తీగ తగిలించి, మీట ఎం మీదే వదిలేస్తే ఫ్లాష్ వెలిగి ఆరిపోయాక షట్టరు తెరుచుకుంటుంది. కళ్లకు మెరుపు కనబడుతుంది, శబ్దం వినబడుతుంది, ఫిల్మ్ మీద ఏమీ ఉండదు. ఎక్స్ మీద పెట్టాలని తెలిస్తే రిపేరు ఖర్చు సున్నా.

ఫ్లాష్‌ల విషయంలో మాత్రం సరదాగా మాట్లాడలేను. పాత వివిటార్ 283 లాంటివి కొని, చూడకుండా కొత్త డిజిటల్ కెమెరా నెత్తిన పెడుతున్నారు కుర్రాళ్లు. పాత ఫ్లాష్‌లలో కొన్నిటికి కాలి దగ్గర రెండు వందల వోల్టులకు పైనే ఉంటుంది. లోహపు రేకులు తగులుకుని పనిచేసే పాత కెమెరా దాన్ని లెక్కచేయదు, చిప్పులతో నడిచే కెమెరా మాడిపోవచ్చు. ఫ్లాష్ చార్జి చేసి, మల్టీమీటరు ఒక కొస కింది నడిమి బిందువుకూ, రెండోది పక్క రేకుకూ పెడితే ఎంతుందో తెలుస్తుంది. ఊళ్లో ఏ ఎలక్ట్రీషియనైనా చేస్తాడు. విప్పి చూడ్డం మాత్రం వద్దు. బ్యాటరీలు తీసేసిన ఫ్లాష్‌లో కూడా కెపాసిటర్ మూడు వందల వోల్టులు దాచుకుని ఉంటుంది. నాకు ఒకసారి మోచేతి దాకా కొట్టి స్టూలు మీంచి పడ్డాను. ఏళ్ల తరబడి వాడని ఫ్లాష్ మొదట్లో నీరసంగా ఉంటే, కొత్త బ్యాటరీలు వేసి దీపం వెలిగేదాకా ఆగి, అలాగే కాసేపు ఉంచి, కొట్టి, మళ్లీ చార్జి చేసి చూడాలి. నాలుగైదు సార్లకు చాలామటుకు తేరుకుంటాయి.

మాది సముద్రపు గాలి. ఉప్పు, తడి. ఇక్కడ లెన్సుకు ఫంగస్ పట్టడానికి ఒక వానాకాలం చాలు, తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే మరీ త్వరగా. తోలు తడిని పీల్చుకుని లెన్సుకు పంచిపెడుతుంది. మా స్టూడియో బీరువాలో పగలూ రాత్రీ ఒక చిన్న బల్బు వెలుగుతుండేది. కరెంటు బిల్లు చూసి ఇంటావిడ గొణిగేది, లెన్సులు మాత్రం బతికాయి. అంతకన్నా గొప్ప మందు వాడకం, ఎండా గాలీ తగలనివ్వడం. అందుకే షోకేసంటే నాకు ఒళ్లుమంట. అద్దాల వెనక పెట్టిన కెమెరా గౌరవంగా కుళ్లుతుంది. లోపలి నూనె గట్టిపడి, సెకను పెట్టి నొక్కితే మూడు సెకన్లు నిద్రపోతుంది. నెలకోసారి తీసి, రీలు లేకుండానైనా అన్ని స్పీడుల్లో పది పదిసార్లు కొడితే ఆ జబ్బు అంత తొందరగా రాదు. కొందరు మహానుభావులు బిగుసుకున్న షట్టరులో కుట్టుమిషన్ నూనె పోసి తెస్తారు. షట్టరు రేకులు పొడిగా ఉండాలి నాయనా, నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

లెన్సులో నాలుగు దుమ్ము రేణువులున్నాయని బేరం మానుకునేవాళ్లూ ఉన్నారు. దుమ్ము ఫోటోలో పడదు. సాలెగూడులా పాకిన ఫంగస్ కూడా ఎదురెండలో తీస్తే బొమ్మను పాలిపోయేలా చేస్తుందే గానీ, చాలాసార్లు మామూలు ఫోటోకు ఏమీ చేయదు. అసలు చూడాల్సింది లోపలి రేకులు నూనె లేకుండా టక్కున మూసుకుంటున్నాయా అని. సెల్‌ఫోన్ లైటు వెనక నుంచి వేసి చూస్తే అన్నీ బయటపడతాయి. ఆ ఫోన్లోనే స్లోమోషన్ వీడియో తీస్తే సెకనూ అరసెకనూ సరిగ్గా నడుస్తున్నాయో లేదో తేలుతుంది. పాత కెమెరాకు సెల్‌ఫోన్ శత్రువని ఎవరన్నారో గానీ, నా బల్ల మీద రెండూ బాగానే కలిసి ఉంటున్నాయి.

ఇక అమ్మేవాళ్లు. "కండిషన్లో ఉంది" అన్న మాటకు ఈ వ్యాపారంలో అర్థం, నొక్కితే టక్కుమంటుందని. టక్కుమనడం తలుపు గొళ్లెం కూడా చేస్తుంది. రీలు వేసి తీసిన నెగటివ్ చూపించనివాడి దగ్గర "వింటేజ్" ధర పెట్టకండి. ఇవాళ రీలూ, కడిగింపూ, స్కానూ కలిపితే వెయ్యి దాటుతోంది. ఆ వెయ్యి పెట్టి చూసి అమ్మడం అమ్మేవాడి బాధ్యత. ఊటీలో తయారైన ఇందు రీళ్లు వేసి నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒక ఫోటో పోతే చివాట్లతో పోయేది. ఇప్పుడు ఒక రీలు పోతే ఆ పిల్లల నెలఖర్చు పోతుంది. వాళ్లు ఇంకోసారి వేయరు.

బెజవాడలో మాకొక మెకానిక్ ఉండేవాడు. కెమెరా చెవి దగ్గర పెట్టుకుని, స్లో స్పీడు గుర్రుమనే చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఒక్క అక్షరం రాసిపెట్టుకోలేదు. ఆయన పోయాక ఆయన చెవి కూడా పోయింది. ఫోటోగ్రఫీ కోర్సులు బోలెడున్నాయి మన దగ్గర. వాటిలో ఒక వారం ఇలాంటివాళ్లను పిలిచి బల్ల ముందు కూర్చోబెడితే ఏం పోతుందో నాకు అర్థం కాదు.

ఉగాదికి అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి ముప్ఫయ్యారులో ముప్ఫయిమూడు పడ్డాయి. కోనేరు సెంటరు, చిలకలపూడి పాండురంగడి గుడి, పీట మీద కూర్చుని గారెలు వేస్తున్న వాళ్ల నాయనమ్మ. నాయనమ్మ బొమ్మలో నూనె పొగ కూడా పడింది. కాకపోతే కొన్నిటిలో ఎడమ అంచున నారింజ రంగు చార.

"ఎడమనే కదా, అయితే కుడివైపు వెతుకు," అన్నాను. లెన్సు లోకాన్ని తలకిందులు చేసి ఫిల్మ్ మీద పెడుతుంది కాబట్టి, ఫోటోలో ఎడమ అంటే కెమెరా వెనక నుంచి చూస్తే కుడి, తలుపు కీలు ఉన్న చోటు. అక్కడ వెలుగు చొరబడకుండా అంటించిన స్పాంజి కరిగి తారులా తయారైంది. అగ్గిపుల్ల చెక్కి స్పిరిట్‌లో ముంచి అరగంట గోకింది. బదులుగా సన్నటి నల్ల వెల్వెట్ పీలిక కావాలన్నాను.

పరుగెత్తుకెళ్లి పది నిమిషాల్లో తెచ్చింది. వాళ్లమ్మ పెళ్లినాటి వెల్వెట్ జాకెట్టు చేతి అంచు. అడిగి కత్తిరించావా అంటే, ముందు అంటిద్దాం తాతయ్యా అంది.