పేరుకు యజమాని

శ్రామికుని యజమానియని ప్రకటించినంతనే ఉత్పత్తి పెరుగునా? సోవియట్ సమష్టి క్షేత్రముల పశువులు, పంటలు చట్టరీత్యా సభ్యుల ఉమ్మడి సొత్తే. ఏది పండింపవలెనో, ఏ ధర కమ్మవలెనో నిర్ణయించినది మాత్రము ప్రభుత్వము. 1960 దశకమున సాగుభూమిలో సుమారు 3 శాతమైన పెరటిమళ్లు, ఉమ్మడి మేత కొంత తోడ్పడినమాట నిజమేయైనను, దేశ వ్యవసాయోత్పత్తిలో నాల్గవవంతుకు మించి యిచ్చినవి. చేతులవే; ఫలము తమదైనచోట చురుకైనవి.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. బోరంచ ప్రాంతము దాటిన మంజీర నిజాంసాగరమున నిలిచి బోధన్ చెరకును పెంచినది. అచటి చక్కెర కర్మాగారమును రైతుల సహకార సంఘమున కప్పగింప 2015లో తెలంగాణ ప్రభుత్వము ప్రతిపాదించెను. అది నెరవేరకయే ఆ డిసెంబరులో కర్మాగారము మూతపడినది. అట్టి సంఘ మెన్నడేర్పడినను, రైతునకు వాటాపత్రమొక్కటే చాలదు. ధర నిర్ణయమున మాటయు, లాభమున పాలును ఉండవలెను.